చుక్క కారదు, కూలెంట్ మాత్రం తగ్గుతుంది

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల నాటి డీజిల్ కారు. మూడు నెలలుగా ఇరవై రోజులకొకసారి దాదాపు అర లీటరు కూలెంట్ పోయవలసి వస్తోంది. కారు నిలిపే చోట నేల మీద తడి కనిపించదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగం దాటలేదు. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు మాత్రం కాసేపు తెల్లని పొగ వస్తుంది. షెడ్డులో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిందని, హెడ్ దించితే నలభై వేల దాకా అవుతుందని చెప్పారు. పరీక్షలేవీ చేయలేదు. దించమని చెప్పవచ్చునా?
– ఒక పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: ఇప్పుడే చెప్పకండి. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ, కింది బ్లాకుకూ మధ్య బిగించే పలుచని సీలు. అది పోయి ఉండవచ్చు, కానీ మీరు రాసిన లక్షణాల్లో దానిని రుజువు చేసేది ఒక్కటీ లేదు. కూలెంట్ తగ్గడం, తెల్లని పొగ రావడం అనే రెండింటినీ చూడగానే హెడ్ దించాలనడం మన షెడ్లలో అలవాటైపోయింది. హెడ్ విప్పి, దాని అడుగును చదును చేయించి (ఫేసింగ్), కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాక కూడా కూలెంట్ తగ్గుతూనే ఉంటే ఆ నలభై వేలు ఎవరూ తిరిగి ఇవ్వరు.

ముందు తగ్గుదలను సరిగ్గా కొలవండి. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచించి మట్టం పెరుగుతుంది కనుక, ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కారు చదునైన నేల మీద ఉండగా, కూలెంట్ ట్యాంకు మీద మట్టం దగ్గర టేపు ముక్క అంటించి, ఆనాటి కిలోమీటర్ల రీడింగును రాసి పెట్టుకోండి. కారు కదలకుండా రెండు మూడు రోజులు నిలిచినప్పుడు కూడా మట్టం దిగుతోందా, నడిపినప్పుడే దిగుతోందా అన్నది తెలిస్తే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

నేల మీద తడి లేనంత మాత్రాన కూలెంట్ బయటికి పోవడం లేదనుకోకూడదు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేలకు చేరక ముందే ఆవిరవుతుంది. మిగిలేది ఎండిన చార మాత్రమే: హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అల్యూమినియం భాగమూ ప్లాస్టిక్ ట్యాంకూ కలిసే అంచు వెంట, వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం దగ్గర తెల్లగా గానీ, కూలెంట్ రంగులో గానీ పొడిలా గట్టిపడి ఉంటుంది. టార్చి వేసి చూడమనండి.

అన్నిటికంటే చౌకగా తేలేది కూలెంట్ పోసే చోటి మూత సంగతి. మూత మీద 1.1 లాంటి అంకె ఉంటుంది. అది ఎన్ని బార్ల పీడనం దాకా స్ప్రింగ్ వాల్వు పట్టి ఉంచాలో చెబుతుంది. ఒక బార్ అదనపు పీడనం ఉంటే మామూలు నీరే 120 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగ్ బలహీనపడితే ఆ పీడనం నిలవక, ఎండలో ఎత్తు ఎక్కినప్పుడు కూలెంట్ ఆవిరై మూత దగ్గర నుంచే పోతుంది. కింద చుక్క కారదు. మూత రబ్బరు పగిలి ఉంటే ఆలోచించకుండా అదే అంకె ఉన్న కొత్త మూత వేయించండి. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం ఎవరినీ మూత తిప్పనివ్వకండి.

తరువాత ప్రెషర్ టెస్టర్ అడగండి. మీటరు బిగించిన చేతి పంపు అది. చల్లని ఇంజిన్‌కు దానితో మూత మీది అంకె మేరకు గాలి పట్టించి అరగంట వదిలితే ముల్లు దిగకూడదు. దిగితే, తడి ఎక్కడ బయటపడుతుందో వెతకాలి. బయట ఎక్కడా లేకపోతే ముందు సీటు కాళ్ల దగ్గరి మ్యాట్ ఎత్తి కింది కార్పెట్ తడిమి చూడండి. అక్కడ జిగటగా ఉండి, తియ్యని వాసన వస్తుంటే, డ్యాష్‌బోర్డు వెనుక ఉండి, వేడి కూలెంట్‌తో కారు లోపలికి వెచ్చని గాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతున్నట్టే.

ఇవన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలాకే ఇంజిన్ లోపలి సంగతి వస్తుంది. మీది డీజిల్ బండి కావడం ఇక్కడే ముఖ్యం. ఈ వయసు డీజిల్ కార్లలో చాలావాటికి ఈజీఆర్ కూలర్ ఉంటుంది. పొగగొట్టానికి పోయే వాయువులో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ముందు కూలెంట్‌తో చల్లబరిచే పరికరం అది. దాని లోపలి పలుచని గొట్టం చిట్లితే, ఇంజిన్ ఆపిన తరువాత కూడా సిస్టంలో మిగిలిన పీడనం కూలెంట్‌ను పొగ దారిలోకి నెట్టుతుంది; మరునాటి ఉదయం అది తెల్లని ఆవిరిగా బయటికి వస్తుంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది. మీ ఉత్తరంలోని లక్షణాలు నాకు దీనినే ఎక్కువగా తలపిస్తున్నాయి. గ్యాస్కెట్ పోయినప్పుడు సాధారణంగా సిలిండర్ వాయువు కూలెంట్‌లో చేరి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా బిగుసుకుంటుంది, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తాయి, ముల్లు పైకీ కిందికీ ఆడుతుంది. పొగ కళ్లు మండించేలా డీజిల్ వాసన వేస్తుంటే అది కూలెంట్ కాకపోవచ్చు, చల్లని డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులను చూపించాలి.

గ్యాస్కెట్‌ను పట్టుకోవడానికి నీలి ద్రవంతో ఒక పరీక్ష ఉంది. నడుస్తున్న ఇంజిన్ కూలెంట్ ట్యాంకు నుంచి వచ్చే గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటే పెట్రోల్ బండిలో ద్రవం పసుపుగా, డీజిల్‌లో ఆకుపచ్చగా మారుతుంది. కానీ చిట్లిన ఈజీఆర్ కూలర్ నుంచి కూడా అప్పుడప్పుడు పొగ వాయువు కూలెంట్‌లోకి చేరగలదు కనుక, రంగు మారిందన్న ఒక్క కారణంతో మీ బండి హెడ్ దించనివ్వకండి. ముందు ఆ కూలర్‌ను విప్పించి, దారులు మూసి, గాలి పట్టించి, పంక్చర్ షాపులో ట్యూబును ముంచినట్టు నీళ్లలో ముంచమనండి. బుడగలు వస్తే దోషి దొరికినట్టే. రాకపోతే, సిలిండర్లు ఒత్తిడిని పట్టి ఉంచుతున్నాయో లేదో చూపే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించి, అప్పుడు హెడ్ మాట మాట్లాడవచ్చు.

ఆలస్యం మాత్రం చేయకండి. కారే కూలర్ నుంచి కూలెంట్ సిలిండర్‌లోకి చేరి నిలిస్తే, ద్రవం గాలిలా నొక్కుకుపోదు కనుక, స్టార్ట్ చేసిన క్షణంలో పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కాఫీ రంగుకు మారితే బండి అసలు నడపవద్దు. లీకులు ఆపే మందు అంటూ డబ్బాల్లో అమ్మేవి పోయవద్దు; అవి కన్నం పూడ్చినా పూడ్చకపోయినా హీటర్ కోర్ సన్న గొట్టాలను మాత్రం ఇబ్బంది పెట్టవచ్చు.

ప్రశ్న: కూలెంట్ తగ్గినప్పుడు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది? పాతది ఆకుపచ్చ, దుకాణంలో గులాబి రంగుది ఇచ్చారు. కలపవచ్చునా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీ ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. వేడికి అవి రేడియేటర్ గొట్టాల్లో పొలుసులా పేరుకుంటాయి. దారిలో ఆగిపోయినప్పుడు తప్ప పోయకండి. పోసినా తరువాత మొత్తం మార్పించండి. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ మేలు. రంగును నమ్మవద్దు, ఒకే రంగులో వేర్వేరు రకాలు అమ్ముతారు. కారు మాన్యువల్‌లో రాసిన ప్రమాణం డబ్బా మీద ఉందో లేదో చూసి కొనండి. పాతది ఏ రకమో తెలియకపోతే కలపకుండా సిస్టం కడిగించి కొత్తది పోయించండి. తీసేసిన కూలెంట్‌ను కాలవలో గానీ, పెరట్లో గానీ పారబోయవద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అందులో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ అనే రసాయనం కొద్దిపాటి అయినా వాటి ప్రాణం తీస్తుంది.