కొబ్బరి ఒక్కదాని మీదే బతికే ఊరికి ప్రభుత్వ క్లస్టర్ పనికొస్తుందా?

కోనసీమలోని అంబాజీపేట లాంటి ఊళ్లో, సంప్రదాయ చేతివృత్తులవాళ్లను ఒక చోట చేర్చే కేంద్ర పథకం స్ఫూర్తి కింద కొబ్బరి పీచు క్లస్టర్ (పనివాళ్లంతా కలిసి వాడుకునే యూనిట్) పెడితే నిలబడుతుందా అని అడిగారు. పీచు తీయగా మిగిలే పొట్టును ఆరబోసే కళ్లం ఉంటే నిలబడుతుంది. మిషన్ల సంగతి తర్వాత.

స్ఫూర్తిలో 500 మంది వరకు పనివాళ్లుంటే రూ. 2.5 కోట్లు, దాటితే రూ. 5 కోట్ల దాకా ఇస్తారు. భూమి మాత్రం పనివాళ్ల సంఘమే చూపించాలి. కోనసీమలో ఖాళీ ఎకరం ఎక్కడుంది? అంతా తోటలు, లేదంటే వరిచేలు. దాంతో ఉన్న సెంట్లలో షెడ్డు లేపేసి, పొట్టు ఆరబోయడానికి పక్కనున్న మట్టినేల చూపిస్తారు. కొంప మునిగేది అక్కడే.

డొక్క (కాయ మీది పీచు తొక్క) బరువులో పీచు సుమారు మూడో వంతు, మిగతాదంతా పొట్టు. దాన్ని 5 కేజీల బ్లాకులుగా నొక్కి అమ్ముకోలేకపోతే యూనిట్ గిట్టదు. బ్లాకు నిలవాలంటే తేమ 15–18 శాతం ఉండాలి. సిమెంటు కళ్లం మీద రెండు మూడు అంగుళాల మందాన పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిరగెయ్యాలి. తేమ 20 దాటితే బ్లాకు అంచులు రాలిపోతాయి, లోపల బూజు పడుతుంది. మట్టినేల మీద ఆరబోస్తే ఇసుక, గడ్డి గింజలు కలుస్తాయి. ఎగుమతిదారు ఆ సరుకు ముట్టుకోడు.

ఇక ఉప్పు. మొక్కల పెంపకానికి కొనే పొట్టులో అది ఎక్కువుంటే పనికిరాదు. సముద్రం దగ్గరి తోటల డొక్కల్లో అది ఎక్కువ. ఒక గ్లాసు పొట్టులో గ్లాసున్నర డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట నానబెట్టి, పిండిన నీళ్లలో ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచేది) ముంచండి. మంచి రకమంటే 0.5 mS/cm లోపు చూపించాలి. కడగని పొట్టు దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. కడగడానికి మంచినీళ్లు కావాలి. తీరం వైపు బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి కాలువే దిక్కు. ఎండలు బాగా కాసి పొట్టు ఇట్టే ఆరే వేసవిలోనేమో కాలువలు కట్టేస్తారు. ఈ లెక్క ప్రాజెక్టు రిపోర్టులోకి ఎక్కదు, ఎందుకంటే ఆ రిపోర్టు రాసేవాళ్లు కేరళ నమూనా ముందు పెట్టుకుని రాస్తారు. అక్కడ పచ్చిడొక్కను ఊరబెట్టి తెల్లపీచు తీసే అలవాటుంది. మనది గోధుమరంగు పీచు.

మహిళలకు పీచు పని నేర్పే కాయిర్ బోర్డు పథకం, మహిళా కాయిర్ యోజనలోనూ అదే తంతు. తాడు పేనే మోటారు రాట్నానికి గతంలో 75 శాతం సబ్సిడీ ఇచ్చేవారు. నెల నెలా పీచు కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే ఆ రాట్నం మూలన పడుతుంది.

కాబట్టి సంఘం సంతకం పెట్టేముందు మూడు పట్టుబట్టండి: సిమెంటు కళ్లం, కాలువ కట్టేసిన రోజులకు సరిపడా చెరువు, కడిగిన నీళ్లు నిలవడానికి గుంట. ఆ ఎర్రనీళ్లు కాలువలోకి వదిలారంటే దిగువ ఊళ్లవాళ్లే వచ్చి యూనిట్ మూయిస్తారు.