‘చిన్న డాక్టర్’ అంటారేమోనన్న బెంగ

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తిచేసింది. మంచి ర్యాంకే వచ్చింది, రేడియాలజీ సీటు దొరుకుతుంది. తనేమో ఫ్యామిలీ మెడిసిన్ చేస్తానంటోంది. ఇంత చదివి జలుబులు, జ్వరాలు చూసుకుంటూ కూర్చోవాలా? రెండింటినీ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: పోలుస్తాను. అంతకుముందు ఒక మాట. మీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, సీటు ఉంది, మీ అసంతృప్తి ఉంది. అమ్మాయి ఎందుకలా అంటోందో ఒక్క ముక్క లేదు. తనను అడిగారా? అడగకుండా నా దగ్గరికి రావడం న్యాయం కాదండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. బ్రాంచి పేరు మారుతుంది కానీ, నలుగురూ ‘చిన్న డాక్టర్’ అంటారేమోనన్న బెంగ మాత్రం మారదు.

జలుబులు, జ్వరాలు అన్నారు కదా. ఈ దారిలోనే వెళ్లిన ఒకమ్మాయి క్లినిక్‌లో నేనొక పూట కూర్చున్నాను. కళ్లు తిరుగుతున్నాయంటూ ఓ పెద్దాయన వచ్చాడు. తను వెంటనే స్కాన్ రాయలేదు. మందుల సంచి బల్లమీద గుమ్మరించమంది. నలుగురు స్పెషలిస్టులు రాసినవి, మొత్తం పదకొండు రకాలు. అందులో రెండు పెట్టెల మీద పేర్లు వేరు, లోపలున్న బీపీ మందు ఒకటే. ఆయన్ని పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. నిలబడగానే బీపీ బాగా పడిపోతోంది. ఒక పెట్టె తీసి పక్కన పెట్టి, వారం తర్వాత రమ్మంది. ఎవరి చీటీ వాళ్లకు సరైనదే, నాలుగు చీటీలూ కలిపి చూసినవాళ్లే లేరు.

ఇలాంటి రోగులు అరుదు కాదు. స్కాట్లాండ్‌లో పదిహేడున్నర లక్షల మంది రికార్డులు పరిశీలించి 2012లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. 23 శాతం మందికి ఒకటికి మించి దీర్ఘకాలిక జబ్బులున్నాయి. వాళ్లలో సగానికి పైగా 65 ఏళ్ల లోపువాళ్లే! నార్వేలో 2018 నాటి రికార్డులు చూస్తే, ఒకే ఫ్యామిలీ డాక్టర్‌ దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లలో మరణాలు 25 శాతం, అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడాలు 28 శాతం తక్కువ. పోల్చింది ఏడాది పరిచయమే ఉన్నవాళ్లతో. పరిచయమే ప్రాణం నిలిపిందని దీనితో రుజువైపోదు. కానీ తీసిపారేయదగ్గ తేడా కాదు.

ఇక రేడియాలజీ. ఆ శాస్త్రం మీద నాకు గౌరవమే. నా అనుమానమంతా దాని వెంట పడుతున్న పరుగు మీద. ఐదేళ్లలో యంత్రాలే మించిపోతాయి కాబట్టి రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయాలని 2016లో కృత్రిమ మేధ (ఏఐ) శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అన్నారు. ఆ తర్వాత నాకు ‘రేడియాలజీ వద్దని మావాడికి చెప్పండి’ అంటూ ఉత్తరాలొచ్చాయి. ఐదేళ్లు గడిచాయి, రేడియాలజిస్టులకు పనేమీ తగ్గలేదు. ఇప్పుడేమో అదే కావాలంటూ రాస్తున్నారు. అప్పటి భయమూ, ఇప్పటి మోజూ పిల్లల్ని చూసి పుట్టినవి కావు. రోజులో ఎక్కువ భాగం తెరముందు, ఎక్స్‌రేలూ స్కాన్‌లూ చిత్రం వెనక చిత్రం చదివే పని అది. ఆ పని నచ్చినవాళ్లకు అంతకు మించింది లేదు. మనుషులతో మాట్లాడితే తప్ప ఊపిరాడని పిల్లను అక్కడ కూర్చోబెడితే మూడేళ్ల శిక్షణలోనే వాడిపోతుంది. అలా వాడిపోయి నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు.

ఆదాయం విషయంలో చాలాచోట్ల రేడియాలజీదే పైచేయి, దాచను. ఫ్యామిలీ మెడిసిన్‌లో అలసటా ఉంది. తన కింద మొత్తం 2,500 మంది రోగులున్న డాక్టర్‌ ఒక్కరే వైద్య మార్గదర్శకాలన్నీ పాటించాలంటే రోజుకు 26.7 గంటలు కావాలని 2022లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. పనిని బృందంతో పంచుకుంటే అది 9.3 గంటలకు దిగుతుంది. కాబట్టి ఎక్కడ చేరినా నర్సులు, ఫార్మసిస్టులు పక్కనుంటారా అని ముందే అడగమనండి. బతుకుతెరువుకు లోటుంటుందని మాత్రం భయపడకండి.

అమ్మాయిని ఒకరోజు ఫ్యామిలీ డాక్టర్‌ దగ్గర, ఇంకోరోజు రేడియాలజీ విభాగంలో కూర్చుని రమ్మనండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఏ రోజు గురించి ఎక్కువసేపు చెబుతుందో, మధ్యలో అడ్డు రాకుండా వినండి.