కొత్త టాబ్లెట్ పట్టుకుని ఊరెళ్తున్నాను, అందరూ చుట్టూ మూగుతారు. మా వాళ్లు నోరెళ్లబెట్టాలి. ఏం చూపిస్తే బాగుంటుంది?

మీ ప్రశ్నలో "మా వాళ్లు నోరెళ్లబెట్టాలి" అన్న మాట చూసి నవ్వొచ్చింది. నేనూ అలాగే అనుకుని వెళ్లాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి నోరెళ్లబెట్టింది మేమే.

అది 2011 సంక్రాంతి. మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ ఐప్యాడ్ తెచ్చాడు. అంతకు ముందు ఏడాది జనవరిలో స్టీవ్ జాబ్స్ కుర్చీలో తీరిగ్గా కూర్చుని దాన్ని చూపించిన వీడియో అప్పటికే పదిసార్లు చూసి ఉన్నాం. మన దేశంలో ఇంకా అమ్మకాలు మొదలు కాలేదు, ఆ నెలాఖరుకి మొదలయ్యాయి. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో అలాంటి వస్తువు అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. అన్నయ్య ఏమేం చూపించాలో దార్లోనే వరసగా అనుకున్నాడు: యూట్యూబ్, మ్యాప్స్, వాతావరణం, వార్తలు.

అరుగు మీద పదిహేను మంది చేరాక తెలిసొచ్చింది. అది వైఫై మోడల్. ఊళ్లో వైఫై లేదు. నా దగ్గర లాప్‌టాప్‌కి గుచ్చే నెట్ డాంగిల్ ఉంది కానీ, అది గుచ్చడానికి ఐప్యాడ్‌కి యూఎస్‌బీ కన్నం లేదు. పోనీ అందరికీ ఒక ఫోటో తీద్దామంటే మొదటి ఐప్యాడ్‌కి అసలు కెమెరానే లేదు. అన్నయ్య ముఖం చూడాలి! చివరికి "తాతయ్యా, ఇది చూడు, అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది" అన్నాడు. తాతయ్య కళ్లజోడు పైకి తోసుకుని, "తిప్పితే ఏదైనా తిరుగుద్ది కదరా" అన్నాడు. అక్కడితో మా ప్రదర్శన సగం అయిపోయింది.

మిగిలిన సగాన్ని అమ్మమ్మ నడిపింది. అన్నయ్య ఫోటోల్లో వాళ్ల పాప బొమ్మ తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. అమ్మమ్మ "ఇటివ్వు" అని ఒళ్లో పెట్టుకుంది. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారికి వేళ్లు కుదిరాయి. తిన్నగా పాప చెవి దగ్గరికి వెళ్లి, "చెవులు కుట్టించలేదేం?" అంది. ఇక ఆగలేదు. ప్రతి ఫోటోలోనూ మనుషుల్ని వదిలేసి వెనకాల ఏముందో పెద్దది చేసి చూడటమే పని. వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టి, "నేనిచ్చిన ఇత్తడి గిన్నె కనపడదేం?" అని అడిగేసరికి అన్నయ్య ఐప్యాడ్ లాక్కోలేక, జవాబు చెప్పలేక నానా తిప్పలు పడ్డాడు. ఆ పూట ఎవర్నీ మేం ఆశ్చర్యపరచలేదు. కానీ అరగంట సేపు అమ్మమ్మ చేతిలోంచి అది ఎవరికీ రాలేదు.

మీకు నేను మొదట చెప్పేది అదే. మీ చేతిలో పట్టుకుని మీరు చూపించకండి. వాళ్ల చేతికి ఇచ్చేయండి. వాళ్లకి పనికొచ్చేదేదో వాళ్లే అడుగుతారు.

చేతికిచ్చాక వచ్చే ఒక చిక్కు కూడా చెప్పాలి. అమ్మమ్మ తర్వాత మామయ్య తీసుకున్నాడు. ఆయన బొటనవేలితో నొక్కితే ఏమీ కదల్లేదు. గట్టిగా నొక్కాడు, ఇంకా గట్టిగా నొక్కాడు. చుట్టూ పిల్లలు నవ్వారు. "మాలాంటోళ్లకి కాదులేరా ఇది" అని పక్కన పెట్టేశాడు. ఆయన తప్పేం లేదు. ఈ తెరల్లో గాజు కింద కంటికి కనపడని సన్నటి గీతల వల ఉంటుంది, దాంట్లో కొద్దిపాటి విద్యుత్ చార్జ్ ఉంటుంది. మన వేలు విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి తాకిన చోట ఆ చార్జ్ మారుతుంది. టాబ్లెట్ కనిపెట్టేది ఆ మార్పునే. ఎంత బలంగా నొక్కామన్నదానితో దానికి పనిలేదు. పార పట్టి పట్టి కాయలు కాసి, ఎండి మొద్దుబారిన వేలైతే ఆ మార్పు సరిగా అందదు. రేషన్ షాపు మిషన్ మీద ఇలాంటి చేతులకే వేలిముద్ర పడక ఎంత అవస్థో మీకు తెలిసే ఉంటుంది. కారణం వేరు గానీ బాధ ఒకటే. తడి తువ్వాలుకి వేలు ఒకసారి ఒత్తుకుని, ఉంగరం వేలితోనో, వేలి పక్క భాగంతోనో తాకమనండి, పనిచేస్తుంది. మరీ నీళ్లు కారే చేయి అయితే మళ్లీ తిక్కగా ప్రవర్తిస్తుంది, అది వేరే సంగతి. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే మామయ్య అలా లేచి వెళ్లేవాడు కాదు.

రెండోసారి మొన్నీమధ్య. ఈసారి టాబ్లెట్ నాదే, పెన్‌తో వచ్చే శామ్‌సంగ్. ప్రదర్శన రైల్లోనే మొదలైంది. డెల్టా ఎక్స్‌ప్రెస్ కాచిగూడలో కదిలిందో లేదో ఎదురు సీటు పెద్దాయన "ఎంత పడింది బాబూ?" అన్నారు. ఎవరైనా మొదట అడిగేది అదే. రెండో ప్రశ్న "సిమ్ పడుతుందా?". మూడోది "ఫోన్ ఉండగా ఇదెందుకు?". ఈ మూడింటికి జవాబులు ముందే అనుకుని వెళ్లండి.

ఆయన రిటైరైన తెలుగు మాస్టారట. గూగుల్ వాళ్ల కీబోర్డ్ ఆప్ జీబోర్డ్‌లో తెలుగు చేతిరాత పెట్టి పెన్ను ఆయన చేతికిచ్చాను. గూగుల్ వాళ్లు 2015లోనే ఎనభైకి పైగా భాషల్లో చేతిరాతను గుర్తుపట్టే కీబోర్డ్ తెచ్చారు, అందులో తెలుగు కూడా ఉంది. మన వాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఈ సంగతి తెలీదు. మాస్టారు ముందు పెన్ను మూత కోసం వెతికారు. తర్వాత "చార్జింగ్ ఎక్కడ పెడతారు?" అన్నారు. ఈ పెన్నుతో రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు, తెర కింద ఉన్న పలక నుంచే దానికి శక్తి అందుతుంది. అందుకే మొన తగలకముందే, కాస్త ఎత్తులో ఉండగానే తెర మీద చుక్క కనిపిస్తుంది. అది చూపిస్తే మాస్టారు పెన్నుని పైకీ కిందికీ ఆడించి, పక్క బెర్తు పిల్లాడిని కూడా పిలిచారు.

ఇక పరీక్ష. "అమ్మ" రాశారు, వచ్చింది. "లక్ష్మి" రాశారు, వచ్చింది. అప్పుడు బండి ఱతో "గుఱ్ఱము" రాశారు. అది మర్యాదగా "గుర్రం" అని చూపించింది. మాస్టారు నా వైపు చూశారు, ఆ తప్పేదో నేనే చేసినట్టు. మళ్లీ రాశారు, మళ్లీ అదే. చివరికి కళ్లజోడు సర్దుకుని, మెల్లగా, ఒక్కో వత్తు కిందా ఇంకో వత్తు పేరుస్తూ "కార్త్స్న్యం" అని రాశారు. టాబ్లెట్ ఏదేదో చూపించింది, అదొక్కటి తప్ప. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఫర్లేదు. ఇంకా చదువుకోవాలి ఇది" అని పెన్ను తిరిగిచ్చారు. అన్నీ సరిగ్గా గుర్తుపట్టి ఉంటే ఆయనకి అంత ఆనందం కలిగేది కాదేమో. కాబట్టి మీ టాబ్లెట్ తప్పు చేస్తే కంగారుపడి కవర్ చేయకండి. మాట్లాడితే టైప్ అయ్యేది కూడా ఇలాగే చూపించొచ్చు, 2017 నుంచి తెలుగుకి ఉంది. మాట మన ఊరి యాసలో ఉంటే అది రాసేది చూసి అందరూ నవ్వుతారు.

ఊళ్లో మామయ్యకి మ్యాప్స్‌లో శాటిలైట్ బొమ్మ తీసిచ్చాను. ఈసారి ఫోన్ హాట్‌స్పాట్ ఉంది, తడి తువ్వాలూ ఉంది. కాలవ దొరకబుచ్చుకుని, దాని వెంటే వెళ్లి, చప్టా దగ్గర ఎడమకి తిరిగి, తన చేను తనే పట్టుకున్నాడు. గట్టు మీద వేపచెట్టు దగ్గర వేలు ఆగిపోయింది. "ఇది పడిపోయి ఏడాది దాటింది కదరా, ఇక్కడ ఉందేంటి?" అన్నాడు. అది ఇప్పటికిప్పుడు తీస్తున్న వీడియో కాదని, నెలల కిందటో ఏళ్ల కిందటో తీసిన ఫోటోలని చెప్పాను. "సరేలే" అని దాన్ని ఇంకాస్త పెద్దది చేశాడు. చెట్టు కింద ఒక మసక చుక్క ఉంది. అది తన మంచమేనని ఆయన వాదన. నేను కాదనలేదు.

రాత్రి కరెంటు పోతే ఆకాశం చూపించండి. స్కై మ్యాప్ అనే ఆప్ ఉచితం, నెట్ అక్కర్లేదు. టాబ్లెట్ ఎటు ఎత్తితే అటున్న నక్షత్రాల పేర్లు చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త, చవక టాబ్లెట్లలో చాలావాటికి దిక్సూచి సెన్సర్ ఉండదు. అది లేకపోతే తూర్పున ఉన్న చుక్క దక్షిణంలో ఉందంటుంది. ఇంట్లోనే ఒకసారి చూసుకుని వెళ్లండి. డాబా మీద నేను ఒక చుక్కల గుంపుని చూపించి గొప్పగా "అదిగో, ప్లయడీస్" అంటే అత్తయ్య తలెత్తి, "అది పిల్లలకోడి కాదూ?" అంది. ఆ తర్వాత అరగంట ఆవిడే చెప్పింది, టాబ్లెట్ పక్కన పడుంది.

ధర సంగతి. తగ్గించి చెబితే "నాకూ ఒకటి తెచ్చిపెట్టు" అంటారు, నిజం చెబితే "ఎన్ని బస్తాలు అమ్మితే వస్తుంది" అని లెక్క కడతారు. నేను "ఈఎంఐలో తీసుకున్నా" అని నెల వాయిదా మాత్రం చెబుతాను. అదీ నిజమే కదా.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. చేతికిచ్చేముందు ఆ ఒక్క ఆప్ దాటి బయటికి వెళ్లకుండా లాక్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర ఆప్ పిన్ చేసే వీలుంటుంది, ఐప్యాడ్‌లో అయితే యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్. నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోటోలు చూపించాలంటే విడిగా ఒక ఆల్బమ్ చేసి పెట్టుకోండి. అయినా జరిపేవాళ్లు జరుపుతూనే ఉంటారు, కాబట్టి గ్యాలరీలో ఉండకూడనివి ముందే తీసేయండి.

నేను తీయలేదు. డాబా దిగొచ్చాక అత్తయ్య పండగ ఫోటోలు జరుపుతూ జరుపుతూ, డాక్టరుకి పంపడానికి నేను తీసి పెట్టుకున్న రక్తపరీక్ష రిపోర్టు దగ్గర ఆగింది. రెండు వేళ్లతో పెద్దది చేసి, చదివి, "షుగరొచ్చిందని చెప్పలేదేంరా?" అంది. ఆ పండక్కి నా పళ్లెంలో అరిసె పడలేదు.