కుక్క కులాసాగా ఉన్నప్పుడే తేల్చుకోవలసిన సంగతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కాన్ రిపోర్టును, రక్త పరీక్షల కాగితాలను రెండుసార్లు చదివాను. పదేళ్ల కుక్క, పిత్తాశయంలో మ్యూకోసీల్ (గట్టిపడిన జిగురు నిండటం), కాలేయపు ఎంజైములు కొంత పెరిగాయి గాని కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ మామూలుగానే ఉంది, తిండి తింటోంది, పిలిస్తే పరుగెత్తుకొస్తోంది. ఇంత హుషారుగా ఉన్నదాన్ని చేతులారా పిత్తాశయం తీసేసే ఆపరేషన్‌కు ఎలా అప్పగించను అని అడిగావు. 35 ఏళ్లు పశువైద్యం చేసినవాణ్ణి కనుక ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. మొదట్లో దానికి తప్పు జవాబు కూడా చెప్పాను.

పిత్తాశయం కాలేయంలో తయారైన పైత్యరసాన్ని దాచి ఉంచి, భోజనం తరువాత చిన్న పేగులోకి వదిలే సంచి. మ్యూకోసీల్ ఏర్పడినప్పుడు ఆ సంచి లోపలి పొర అతిగా జిగురును స్రవిస్తుంది. అది గట్టిపడి సంచిని నింపి గోడను ఒత్తుతుంది. ఒత్తిడికి రక్తప్రసారం తగ్గి గోడ చచ్చుబడితే సంచి చిరిగి పైత్యరసం కడుపులోకి కారుతుంది. జిగురు ముక్క జారి పైత్యవాహికలో ఇరుక్కుంటే కామెర్లు వస్తాయి. ముసలి కుక్కల పిత్తాశయంలో తరచుగా కనిపించే పైత్యరసపు మడ్డి వేరు. కుక్కను పక్కకు తిప్పినప్పుడు అది కదిలి అడుగుకు చేరుతుంది, దానికోసం ఎవరూ కత్తి పట్టనక్కరలేదు. మీ రిపోర్టులో కదలని పదార్థమనీ, అడ్డంగా కోసిన కివీ పండులా చారలు కనిపించాయనీ స్పష్టంగా రాశారు, కనుక ఇది మడ్డి కాదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి కుక్కనే చూసి, ఇబ్బందేమీ లేదు కదా, ప్రస్తుతానికి చూద్దాం అన్నాను. మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పలేదు. రెండు నెలలు దాటాక ఒక అర్ధరాత్రి దాన్ని పచ్చబడిన చిగుళ్లతో, బిగుసుకుపోయిన కడుపుతో తీసుకొచ్చారు. ఆపరేషన్ బల్ల మీద బతికింది గాని రక్తపోటు ఎంతకూ నిలబడక మూడో రోజు చనిపోయింది. వేచి చూడమనడంలో కంటే, గడువు పెట్టకుండా వేచి చూడమనడంలోనే నా తప్పు ఎక్కువ ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో పిత్తాశయం తొలగించిన 70 కుక్కల వివరాలు చూశారు. ముందుగా నిర్ణయించుకుని ఆపరేషన్ చేయించిన 45 కుక్కల్లో ఒకటి చనిపోగా, అప్పటికే జబ్బు ముదిరి తప్పనిసరై చేయించిన 25 కుక్కల్లో ఐదు చనిపోయాయి. రెండో గుంపు కుక్కలు మొదటి నుంచే నీరసించినవి కనుక ఇది సమాన పోటీ కాదని నువ్వు అనవచ్చు; నిజమే, కానీ నేను చెప్పదలచుకున్నది కూడా అదే. నీ కుక్క ఇప్పుడు మొదటి గుంపులో ఉంది, అందులో ఎంతకాలం ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

బతికే అవకాశాన్ని తగ్గించేవి ఏమిటని అడిగావు కనుక చెబుతాను. కామెర్లు, వాంతులు, తిండి మానేయడం వంటి లక్షణాలు మొదలయ్యాక ఆపరేషన్‌కు వెళ్లడం అన్నిటికంటే పెద్ద భారం. సంచి చిరగడం ప్రమాదమే గాని మరణశాసనం కాదు. కారిన పైత్యరసంలో సూక్ష్మజీవులు లేకపోతే, వెంటనే కడుపు శుభ్రం చేస్తే, కోలుకున్న కుక్కలు నాకు చాలా తెలుసు. అదే రసంలో సూక్ష్మజీవులు చేరితే పరిస్థితి వేరు. రక్తంలో లాక్టేట్ (ఒంటికి ప్రాణవాయువు చాలనప్పుడు పెరిగే పదార్థం) ఎక్కువగా ఉండటం, ఆపరేషన్ తరువాత రక్తపోటు పడిపోవడం వైద్యుణ్ణి నిజంగా భయపెట్టే గుర్తులు. వయసు కూడా లెక్కలోకి వస్తుంది గాని, కేవలం పదేళ్లు నిండాయని వెనకడుగు వేయకు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదే ఆ వయసులో.

నీ కుక్క విపరీతంగా నీళ్లు తాగుతోందని, పొట్ట కిందికి వేలాడుతోందని రాశావు. కుషింగ్స్ వ్యాధి (ఒంట్లో కార్టిసాల్ హార్మోను అతిగా తయారవడం), థైరాయిడ్ లోపం, రక్తంలో కొవ్వు పెరగడం మ్యూకోసీల్‌తో కలిసి తరచుగా కనిపిస్తాయి; కుషింగ్స్ ఉన్నవాటిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఎక్కువ. ఈ పరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించమని అడుగు. రక్తం గడ్డకట్టే వేగాన్నీ చూడమను. పైత్యరసం పేగుకు సరిగా చేరకపోతే విటమిన్ కె ఒంటబట్టదు, అలాంటప్పుడు దాన్ని ముందుగా ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.

వైద్యశాలను ఎంచుకునేటప్పుడు భవనాన్ని చూసి మురిసిపోకు. ఈ ఆపరేషన్ తరచుగా చేసే చేయి ఉందా, రాత్రంతా కుక్క పక్కన మెలకువగా ఉండి రక్తపోటు చూసే మనిషి ఉన్నాడా అన్న రెండు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడుగు. సంచిని కోసి జిగురు తీసి మళ్లీ కుడతామంటే ఒప్పుకోకు. జబ్బు పడ్డ పొర మళ్లీ జిగురు స్రవిస్తుంది కనుక సంచిని పూర్తిగా తీసేయాలి. అది లేకపోయినా కాలేయం నుంచి రసం నేరుగా పేగులోకి పోతుంది, కుక్క మామూలుగానే బతుకుతుంది. తీసిన సంచితో పాటు కాలేయపు చిన్న ముక్కను కూడా పరీక్షకు పంపించమను, పైత్యరసంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో తేల్చే కల్చర్ పరీక్ష చేయించమను.

ఆపరేషన్ తరువాతి రెండు వారాలే గండం. పైత్యరసం కారడం, క్లోమం వాచడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు, న్యుమోనియా వంటివి ఆ రోజుల్లోనే వస్తాయి. ఆ గడువు దాటినవి చాలావరకు ఏళ్ల తరబడి బాగుంటాయి.

ఒకవేళ మందులతోనే చూద్దామని నువ్వు నిర్ణయించుకుంటే నిన్ను తప్పు పట్టను. ఉర్సోడియాక్సికోలిక్ ఆసిడ్‌ను కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు, కొవ్వు తక్కువగా ఉన్న ఆహారం పెడతారు. పైత్యవాహిక మూసుకుపోయి ఉంటే మాత్రం ఆ మందు ఇవ్వకూడదు. తరువాతి స్కాన్ తేదీని ఆరు వారాల లోపే ఉండేలా ఇవాళే రాసిపెట్టుకో. నేను చేయని పని అది. ఈలోగా రోజూ పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డును, చిగుళ్లను, చెవి లోపలి చర్మాన్ని చూడు. పసుపు ఛాయ కనిపించినా, వాంతి చేసుకుని తిండి వదిలేసినా, కడుపు తాకనివ్వకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే బయలుదేరు, దారిలో నుంచి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య