కేబుల్ లేని రోబోకు పైలట్ ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్య సముద్రంలోని గ్యాస్ బావుల దగ్గర తిరిగే ఓడలో ఆర్వోవీ (కేబుల్‌తో ఓడ నుంచి నడిపే నీటి అడుగు రోబో) పైలట్. ఇప్పుడు కేబుల్ లేకుండా వాటంతట అవే తిరిగే రోబోలు వస్తున్నాయట. ఇక పైలట్లతో పని ఉండదా? అయినా వాటినీ ఓడ మీద నుంచే నడపవచ్చు కదా, సొంత నిర్ణయాలు ఎందుకు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఉప్పునీరు రేడియో తరంగాలను కొద్ది దూరంలోనే పీల్చేసుకుంటుంది. అందుకే మీ అన్నగారు నడిపే ఆర్వోవీకి కరెంటూ, ఆదేశాలూ, అది పంపే వీడియో, అన్నీ కేబుల్ గుండానే సాగుతాయి. కేబుల్ తీసేస్తే దూరం నుంచి మాట్లాడటానికి మిగిలేది శబ్దమే. అది నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళుతుంది కనుక, 3 కిలోమీటర్ల లోతున ఉన్న రోబోను ఒక మాట అడిగి జవాబు అందుకోవడానికి 4 సెకన్లు పడుతుంది. స్పష్టమైన వీడియో ఆ దారిన రానే రాదు. ఎదురుగా రాయి వస్తే పైవారిని అడిగే వ్యవధి లేదు కాబట్టే, తప్పుకునే తెలివిని దానికే ఇచ్చారు.

అయితే ఆ తెలివి ఎంతవరకన్నది ఎయిర్ ఫ్రాన్స్ 447 అన్వేషణలో బాగా తెలిసింది. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఆ విమానం కోసం 2011లో కేబుల్ లేని మూడు రెమస్ 6000 రోబోలను దించారు. అవి గంటల తరబడి ఒంటరిగా తిరిగి, సోనార్‌తో, అంటే శబ్ద తరంగాల సాయంతో, సముద్రపు అడుగును చిత్రించి పైకి వచ్చేవి. ఓడలోని నిపుణులు ఆ చిత్రాలను పరిశీలించి, అనుమానం కలిగిన చోటికి ఫొటోల కోసం మళ్లీ రోబోను పంపారు. ఏప్రిల్ 3న, దాదాపు 3,900 మీటర్ల లోతున శకలాలు బయటపడ్డాయి. కానీ బ్లాక్ బాక్సులను పైకి తెచ్చింది రెమస్ కాదు. నెల తర్వాత, కేబుల్ కట్టిన రెమోరా 6000 అనే ఆర్వోవీ, దాన్ని నడిపిన పైలట్లు. వెతకడం ఒకరి వంతు, పట్టి తీయడం మరొకరి వంతు.

ఉద్యోగాల సంగతికొస్తే, తీసివేత కన్నా బదిలీయే ఎక్కువని నా అంచనా. నార్వేలోని న్యోర్డ్ చమురు క్షేత్రంలో సైపెమ్ సంస్థ వారి హైడ్రోన్-ఆర్ అనే రోబో సముద్రపు అడుగునే ఉంటూ, అక్కడి స్టేషన్‌లోనే ఛార్జింగ్ చేసుకుంటుంది. దాన్ని దించడానికి ప్రతిసారీ ఓడ రానక్కర్లేదు, ఆదేశాలిచ్చే మనిషి ఒడ్డునే ఉండవచ్చు. పైపులైన్ వెంబడి తిరిగి చూసిరావడం లాంటి పనులు క్రమంగా ఇలాంటి యంత్రాలకే పోతాయి, అందులో సందేహం లేదు. బిగుసుకుపోయిన వాల్వును విరగకుండా తిప్పడానికి మాత్రం మీ అన్నగారి లాంటి చేయి ఇంకా కావాలి. తీరిక దొరికితే సోనార్ చిత్రాలు చదవడం కూడా నేర్చుకోమనండి.