సరుకు లెక్క కట్టబోయే మా చిన్నికి

చిన్నీ,

నువ్వు పీహెచ్‌డీకి వియత్నాం యుద్ధం తీసుకున్నావని మొన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అందులోనూ ఉత్తర వియత్నాంకు ఓడల మీద ఎంత సరుకు దిగింది, చైనా నుంచి రైళ్ళ మీద ఎంత వచ్చింది అని అమెరికా వాళ్ళు వేసిన అంచనాలను మళ్ళీ తిరగేసి చూస్తావట. గుంతకల్లు గూడ్స్ షెడ్డు మనిషి ఇంట్లో ఇలాంటి పిల్ల పుట్టడం న్యాయమేనని మీ పెద్దమ్మతో గొప్పలు చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. వాట్సాప్‌లో పెట్టమన్నాడు మీ అన్న. వాట్సాప్‌లో తిడితే తిట్టినట్టు ఉండదు, అందుకే ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఏ కాగితం తీసినా తేదీ, ఎవరు ఎవరికి రాశారన్నది మొదట రాసుకో. అమెరికా వాళ్ళు వాడే షార్ట్ టన్నునూ మనం వాడే మెట్రిక్ టన్నునూ కలిపి కూడకు. ఓడ రిజిస్టర్‌లో ఉండే గ్రాస్ టన్నేజీ లోపలి చోటుకు కొలత, మోసే బరువు కాదు. కాలేజ్ పార్క్‌లోని అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏసీ ఎక్కువగా ఉంటుందట, స్వెటర్ మర్చిపోకు.

ఇక రైలు సంగతి. ఇక్కడ నా మాట వినాలి. చైనా వైపు సరిహద్దు ఊరు పింగ్‌షియాంగ్ దాకా స్టాండర్డ్ గేజి, వియత్నాం వైపు పట్టాల మధ్య వెడల్పు తక్కువుండే మీటర్ గేజి. సరిహద్దు దగ్గర సరుకంతా ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చాలి. యుద్ధం నడుస్తుండగానే చైనా వాళ్ళ సాయంతో మూడో పట్టా వేశారు, అప్పటి నుంచి స్టాండర్డ్ గేజి వ్యాగన్లు నేరుగా లోపలికి వచ్చాయి. అంటే ఆ లైను సామర్థ్యం ఒకే అంకె కాదు, మధ్యలో మారిపోయింది. మా షెడ్డులో మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజికి మార్చే పని రోజూ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. వ్యాగన్ పక్కన పెయింటుతో రాసిన టన్నులు నమ్మి కూర్చుంటే ఆదోని పత్తి బేళ్ళు వచ్చిన రోజున నీ లెక్క తారుమారవుతుంది. బండి నిండిపోతుంది, బరువు మాత్రం ఉండదు. ఫొటోలో నలభై వ్యాగన్లు కనిపించాయంటే నలభై వ్యాగన్లు కనిపించాయనే అర్థం. అందులో ఖాళీలెన్ని, పాడై పక్కన పెట్టిన సిక్ వ్యాగన్లెన్ని, పైనుంచి విమానంలో పోయేవాడికి తెలియదు.

హనోయ్ నుంచి లావో కాయ్ మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు పోయే లైనులో ఇంకో చిక్కుంది. కున్‌మింగ్‌కు చైనా లోపలి నుంచి రైలు దారి కలిసింది 1966లో. అంతకు ముందు చైనా సరుకే వియత్నాం మీదుగా తిరిగి చైనాలోకి పోయేది. దాన్ని దిగుమతి కింద రాసేస్తే నీ మొదటి అధ్యాయం అక్కడే పట్టాలు తప్పుతుంది.

నీకు దొరికే అంకెల్లో బాగా తిరిగేది 1967 ఆగస్టులో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా సెనేట్ కమిటీ ముందు చెప్పింది. రోజుకు దాదాపు 5,800 టన్నులు వస్తున్నాయి, అందులో 4,700 దాకా ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ రేవు నుంచి. ఇది చూడగానే రేవు మూసేస్తే యుద్ధం ఆగిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన వాదన దానికి ఎదురు. ఆయుధాలు రోజుకు 550 టన్నులే, అవి సముద్రం మీద రావడం దాదాపు లేదు, రేవు వాడేది సౌకర్యం కోసమే అన్నాడు. పిండి బస్తా టన్నునూ తూటాల టన్నునూ ఒకే గడిలో వేసే అలవాటు నీకు రాకూడదు. 1972 మే 9న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ రేవుకు మైన్లు వేయించాడు. ఓడలు ఆగాయి. సరుకు చైనా దారి పట్టింది, చమురుకైతే సరిహద్దు నుంచి పైపులైన్లే వేశారు. సరుకు ఎంత తగ్గిందన్నది నువ్వు తేల్చాల్సిన పని, అందులో నేను వేలు పెట్టను.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే. సిహనూక్‌విల్. కంబోడియా రేవు. నీ పరిశోధన ఉత్తర వియత్నాం గురించే అని దాన్ని పక్కన పెట్టేస్తావేమోనని నా టెన్షన్. పెట్టకు. అంచనా వేసేవాళ్ళు ఎలా తప్పుతారో తెలుసుకోవాలంటే ముందు అదే చదవాలి.

1966 చివరి నుంచి చైనా ఓడలు ఆ రేవులో ఆయుధాలు దించేవి. పేరుకు కంబోడియా సైన్యం కోసం. అక్కడి నుంచి హాక్ లీ అనే లారీ కంపెనీ సరుకును సరిహద్దులో ఉన్న వియత్నాం కమ్యూనిస్టు సైన్యం శిబిరాలకు తోలేది. రేవు నుంచి రాజధాని నామ్‌పెన్ దాకా ఉన్న రోడ్డు అమెరికా డబ్బుతో వేసిందే! సైగాన్‌లోని అమెరికా సైనిక కమాండ్ అయితే ఈ దారిన చాలా సరుకు పోతోందని అంటూనే ఉంది. సి.ఐ.ఏ. విశ్లేషకులు ఒప్పుకోలేదు. తక్కువే అన్నారు. 1968 చివర్లో ఒక బృందం సైగాన్ దాకా వెళ్ళి, అందరితో మాట్లాడి, అదే అభిప్రాయంతో తిరిగొచ్చింది.

వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు, ఆ మాట నీ థీసిస్‌లో రాయకు. ఉత్తర వియత్నాం నుంచి దక్షిణానికి సరుకు పోయే లావోస్ అడవి దారిలో లారీల లెక్క వాళ్ళ దగ్గర ఉంది, ఫొటోలు ఉన్నాయి. దక్షిణ వియత్నాంలో శత్రువుకు రోజుకు ఎంత కావాలో ఒక అంచనా ఉంది. ఆ అవసరానికి లావోస్ దారి సరిపోతోంది. ఇక రేవు నుంచి వచ్చే అవసరమేముంది? ఇదీ వాళ్ళ లెక్క. రేవు గురించి గూఢచారులు పంపిన కబుర్లు ఒకదానికొకటి పొసగలేదు, చాలావరకు విన్న మాటలు, కాబట్టి పక్కన పెట్టారు. పైగా శత్రు సైనికుల సంఖ్య మీద 1967లోనే సైనిక కమాండ్‌తో పెద్ద గొడవ పడి ఉన్నారు. ఆ గొడవలో సి.ఐ.ఏ. మాటకే బలం ఉంది. దాంతో సైన్యం ఏం చెప్పినా సగం విని వదిలేసే అలవాటైంది.

1970 మార్చిలో కంబోడియా ఏలిక సిహనూక్‌ను దించి లాన్ నాల్ వచ్చాడు. రేవు కాగితాలు, లారీ కంపెనీ కాగితాలు అమెరికా చేతికి చిక్కాయి. చూస్తే అసలు సరుకు సి.ఐ.ఏ. అంచనాకు కొన్ని రెట్లు ఉంది. ఆ తర్వాత ఆ సంస్థ ఏ అంచనా పంపినా నిక్సన్ ఈ సంగతి ఎత్తి దెప్పేవాడు.

ఇందులో ఎక్కడ జారారో చూశావా? అవసరం ఇంత, కాబట్టి రాక ఇంతే అనుకున్నారు. అవసరానికి మించి తెచ్చి గోదాముల్లో దాచుకునేవాడు ఉంటాడని ఆలోచించలేదు. మా షెడ్డులో కొత్తగా చేరిన క్లర్కులకు ఇదే చెప్పేవాణ్ణి, వాళ్ళు విసుక్కునేవాళ్ళు. వ్యాపారి ఎంత అమ్ముతాడో అడిగి వచ్చిన బస్తాలు రాయకురా, బస్తాలు దిగుతుంటే పక్కన నిలబడి రాయి అని. నీకు పక్కన నిలబడే వీలు లేదు, యాభై ఏళ్ళు దాటిపోయింది. అందుకే రేవు లెక్క, రైలు లెక్క, అవసరం లెక్క మూడూ విడివిడి నోటుబుక్కుల్లో కట్టు. ఒకదానిలోంచి ఇంకోటి తీసేసి మిగిలింది మూడోది అని రాశావో, నీ గైడ్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

నాకు ఇంకో బెంగ కూడా ఉంది. ఈ టన్నుల్లో పడి మనుషుల్ని మరిచిపోతావేమోనని. 1967 ఆగస్టు 11న హనోయ్ దగ్గర ఎర్ర నది మీద ఉన్న లాంగ్ బియెన్ రైలు వంతెనను అమెరికా వాళ్ళు విమానాలతో బాంబులు వేసి కొట్టారు. మళ్ళీ కట్టారు, మళ్ళీ కొట్టారు. నీ పట్టికలో అది ఒక నెల ట్రాఫిక్ తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ నెలలో నదిలో దిగి గర్డర్లు ఎత్తిన గ్యాంగు వాళ్ళ గురించి ఫుట్‌నోట్‌లోనైనా ఒక వాక్యం రాయి. రైల్వే వాళ్ళ తరఫున అడుగుతున్నాను.

సెలవులకు వచ్చినప్పుడు ఢిల్లీలో దిగి రెండ్రోజులు నేషనల్ ఆర్కైవ్స్‌లో కూర్చో. 1954లో వియత్నాం మీద జరిగిన జెనీవా ఒప్పందం అమలు చూడడానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత మన దేశానిదే, కెనడా, పోలండ్ సభ్యులు. ఒప్పందం ప్రకారం ఆయుధాల రాకను చూసే బృందాలు ఉండాల్సిన చోట్లలో హైఫాంగ్, లాంగ్ సన్, లావో కాయ్ కూడా ఉన్నాయి. నువ్వు లెక్క కట్టే రేవు, నువ్వు లెక్క కట్టే రైలు దారులే. అమెరికా వాడి కాగితం పక్కన మన వాడి కాగితం పెట్టి చూస్తే ఇద్దరి కళ్ళూ ఎక్కడ తేడా పడ్డాయో తెలుస్తుంది. ఢిల్లీలో మీ పిన్ని ఇంట్లోనే ఉండు, హోటల్ అంటే ఊరుకోను.

రాత్రి పన్నెండు దాటాక స్క్రీన్ చూడకు, నీకు అసలే కళ్ళజోడు. డబ్బు చాలకపోతే మీ నాన్నకు కాదు, నాకు చెప్పు.

ఆ హాక్ లీ లారీల బిల్లులు ఎక్కడైనా పెట్టెలో కనబడితే ఫొటో తీసి పంపు. తీసుకున్న సరుకు ఒకటి, దించిన సరుకు ఒకటి అయినప్పుడు వాళ్ళు షార్టేజీ ఎవరి పేరు మీద రాసేవాళ్ళో చూడాలని ఉంది.

మీ పెద్దనాన్న
గుంతకల్లు