కాలిఫోర్నియాలో కాలేజీ ఎంపిక: వైవిధ్యం శాతాలన్నీ ఒకేలా ఉన్నప్పుడు

భిన్న నేపథ్యాల వారు కలిసి చదివే కాలేజీ కోసం చూస్తుంటే, మీ అమ్మాయి ఎంచుకున్న మూడు కాలేజీల్లోనూ వైవిధ్యం శాతాలు (ఏ జాతి విద్యార్థులు ఎంతమంది ఉన్నారన్నవి) ఒకేలా కనిపిస్తున్నాయా? అందుకు కారణం, మీరు మొత్తం క్యాంపస్ లెక్క ఒక్కటే చూడటం కావచ్చు.

1. కాలేజీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ (కాలేజీలు తమ వివరాలను ఒకే నమూనాలో వెల్లడించే పత్రం) అని వెతికి, తాజా ప్రతిని తెరవండి. జాతులవారీ సంఖ్యలు బీ2 పట్టికలో ఉంటాయి. విదేశీ విద్యార్థులను ఏ జాతిలోనూ కలపకుండా అక్కడ విడి వరుసలో చూపుతారు.

2. చాలామంది అక్కడే ఆగిపోతారు గానీ, అసలు చూడవలసింది ఎఫ్1 పట్టిక. కాలేజీ వసతిగృహాల్లో ఎంత శాతం ఉంటున్నారో, ఎంత శాతం బయటి నుంచి వచ్చి వెళుతున్నారో అది చెబుతుంది. అంకెల్లో ఎంత వైవిధ్యమున్నా, తరగతి ముగియగానే పార్కింగ్ స్థలం ఖాళీ అయిపోయే చోట భిన్న నేపథ్యాల వారితో స్నేహం కుదిరే సందర్భాలు తక్కువ. వసతిగృహాల్లో ఉండే మొదటి సంవత్సరం వారి శాతం సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది కనుక, దాన్ని వదిలి మొత్తం డిగ్రీ విద్యార్థుల నిలువు వరుసను చూడండి.

3. ఆమె చేరదలచిన విభాగం లెక్కను విడిగా అడగండి. కంప్యూటర్ సైన్స్ తరగతి క్యాంపస్ సగటులా ఉండాలనేమీ లేదు.

4. ముస్తాబు చేసి చూపించే సందర్శన దినాన కాక, వారం మధ్యలో వెళ్లి భోజనశాలలో గంటసేపు కూర్చోండి. ఎవరు ఎవరితో కలిసి తింటున్నారో మీకే కనిపిస్తుంది.